కళ్ళం నేల మీద లేచిన దేవాలయం

యెరూషలేములో దేవాలయం కట్టకముందు ఆ చోట ఒక కళ్ళం ఉండేది. యెబూసీయుడైన అరౌనాది. కొండ నెత్తిన, గాలి బాగా తగిలే చోట గోధుమలు తూర్పారబట్టుకునే నేల అది. దేశంలో తెగులు రేగి జనం చనిపోతున్నప్పుడు దావీదు రాజు అక్కడ బలిపీఠం కట్టాలని వచ్చాడు. అరౌనా ఆ నేలతో పాటు బలికి ఎడ్లను, కట్టెలకు నూర్పిడి సామానును, ఎడ్ల కాడిని ఊరికే ఇస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు. తనకు ఖర్చు కానిది దేవునికి అర్పించనని చెప్పి 50 తులాల వెండి తూచి కళ్ళాన్ని, ఎడ్లను కొన్నాడు. సమూయేలు రెండో గ్రంథం చివర ఉన్న ఈ బేరం చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ దావీదు కొడుకు సొలొమోను దేవాలయం కట్టింది ఈ నేల మీదేనని దినవృత్తాంతముల గ్రంథం చెబుతోంది.

ఈ కథను మామూలుగా ఒక కట్టడం కథగా చెబుతారు. కట్టారు, కూల్చారు, మళ్ళీ కట్టారు, మళ్ళీ కూల్చారు అని. నా దృష్టిలో ఇందులో రెండు ఆవిష్కరణలు ఉన్నాయి. ఒకటి, విగ్రహం లేని దేవునికి ఇల్లు కట్టడం. రెండోది, ఆ ఇల్లు పోయినా ఆ దేవునితో కలిసి బతకడం. రెండోది మొదటిదాని కంటే పెద్దది. దానికి వందల ఏళ్ళు పట్టింది, ఎంతో ఏడుపు పట్టింది. క్రైస్తవ విశ్వాసం పుట్టింది ఆ రెండో దారిలోనే.

అసలు ఇశ్రాయేలీయులు ఆలయంతో మొదలుపెట్టలేదు. నిర్గమకాండం వర్ణించేది గుడారాన్ని. తుమ్మకర్ర పలకలు, వాటిని నిలబెట్టే వెండి దిమ్మలు, పైన మేకవెంట్రుకలతో నేసిన తెరలు, వాటి మీద తోళ్ళ కప్పు. విప్పి, మడిచి, మోసుకుపోగలిగిన కట్టడం. లోపలి గదిలో ఒక పెట్టె, దాన్నే మందసం అంటారు. రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు. బంగారు రేకు తొడిగిన ఆ పెట్టెకు పక్కన ఉంగరాలు, ఉంగరాల్లో మోతకర్రలు ఉన్నాయి. ఆ కర్రలను ఎప్పుడూ ఊడదీయకూడదని ఆజ్ఞ. ఈ చిన్న నియమం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. దేవుని సన్నిధికి గుర్తైన పెట్టె ఎక్కడ దించినా, మరుక్షణం లేవడానికి సిద్ధంగా ఉండాలన్నమాట.

ఆ పెట్టెను నమ్ముకుని దెబ్బ తిన్న సంగతీ వాళ్ళకు తెలుసు. షిలోహులో ఉన్న మందసాన్ని యుద్ధభూమికి మోసుకెళ్తే గెలుస్తామనుకున్నారు. ఫిలిష్తీయులు వాళ్ళను ఓడించి మందసాన్నే పట్టుకుపోయారు. తర్వాత అది తిరిగొచ్చింది, ఏళ్ళ తరబడి కిర్యత్యారీములో ఒక ఇంట్లో ఉంది. చివరికి దావీదు దాన్ని యెరూషలేముకు తెచ్చి గుడారంలో పెట్టాడు. తాను దేవదారు మేడలో ఉంటూ మందసం తెరల చాటున ఉండడం ఆయనకు నచ్చలేదు. ఇల్లు కడతానన్నాడు. నాతాను ప్రవక్త ముందు మంచిదే అన్నాడు, ఆ రాత్రి గడిచాక వచ్చి వద్దన్నాడు. ఐగుప్తు నుంచి బయటికి తెచ్చిన నాటి నుంచి దేవుడు గుడారంలోనే తిరిగాడని, ఇల్లు కట్టమని ఎవరినీ అడగలేదని ఆ కబురు సారాంశం. దావీదు దేవునికి ఇల్లు కట్టడం కాదు, దేవుడే దావీదుకు ఒక వంశాన్ని నిలబెడతాడన్నాడు. ఆలయం పునాది పడకముందే దాని మీద ఒక సందేహం నమోదైంది. ఆ సందేహాన్ని ఆలయాన్ని ప్రేమించిన వాళ్ళే గ్రంథాల్లో దాచిపెట్టుకున్నారు.

కట్టినవాడు సొలొమోను, క్రీ.పూ. 10వ శతాబ్దంలో. పనితనం మాత్రం పొరుగువాళ్ళది. తూరు రాజు హీరాము లెబానోను దేవదారు, సరళ వృక్షాల మ్రానులను తెప్పలుగా కట్టించి సముద్రం మీద పంపాడు. బదులుగా ఏటా గోధుమలు, ఒలీవ నూనె వెళ్ళాయి. రాళ్ళను గనుల దగ్గరే చెక్కి తెచ్చారు కాబట్టి కట్టే చోట సుత్తి చప్పుడు గానీ, గొడ్డలి చప్పుడు గానీ వినిపించలేదని రాజుల గ్రంథం అంటుంది. తూరు నుంచే వచ్చిన మరో హీరాము ఇత్తడి పని చేశాడు. యొర్దాను మైదానపు జిగట నేలలో అచ్చులు చేసి పోత పోశాడు. యాకీను, బోయజు అనే రెండు స్తంభాలు ఒక్కొక్కటి 18 మూరల ఎత్తు. 12 ఎడ్ల బొమ్మల మీద నిలిపిన నీళ్ళ తొట్టి పది మూరల వ్యాసం.

ఇంత చదివాక మనసులో మహా కట్టడమొకటి లేస్తుంది. కొలతలు చూస్తే వేరు. పొడవు 60 మూరలు, వెడల్పు 20, ఎత్తు 30. మూరను ఒకటిన్నర అడుగు అనుకుంటే 90 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మన మెదక్ చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100. సొలొమోను దేవాలయాన్ని తెచ్చి అందులో పెడితే చుట్టూ చోటు మిగులుతుంది. జనం లోపలికి వచ్చి కూర్చునే మందిరం కాదు కాబట్టి అంతే చాలింది. అది దేవుని ఇల్లు. జనం నిలబడేది ఆవరణలో.

దాని వెనక చెమట ఉంది, కన్నీరూ ఉంది. లెబానోనుకు 30,000 మందిని వెట్టికి పంపారు. నెలకు 10,000 మంది చొప్పున వంతులు, ఒక నెల అక్కడ, రెండు నెలలు ఇంటి దగ్గర. బరువులు మోసేవాళ్ళు, కొండల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు వీళ్ళకు అదనం. దేవాలయానికి ఏడేళ్ళు, రాజు సొంత నగరుకు 13 ఏళ్ళు పట్టాయని గ్రంథం పక్కపక్కనే రాసి ఊరుకుంటుంది. సొలొమోను పోయాక జనం ఆయన కొడుకు రెహబాము దగ్గరికి వచ్చి కాడి బరువు తగ్గించమన్నారు. తగ్గించనన్నాడు. వెట్టి పనుల మీద అధికారిని జనం రాళ్ళతో కొట్టి చంపారు. పది గోత్రాలు విడిపోయాయి. దేవాలయం గురించి మాట్లాడేటప్పుడు బంగారు రేకుల సంగతే చెప్పి ఈ వెట్టి సంగతి వదిలేయడం ఆ గ్రంథానికే అన్యాయం.

కట్టడం ఆకారం కొత్తదేమీ కాదు. ఉత్తర సిరియాలో ఐన్ దారా అనే చోట దాదాపు ఆ కాలపు ఆలయమే బయటపడింది. ముందు రెండు స్తంభాలు, ఒకదాని వెనక ఒకటిగా గదులు, చివర దేవుని గది. సొలొమోను ఆలయ వర్ణనకు అంత దగ్గరగా ఉన్న కట్టడాలు అరుదు. 2018 జనవరిలో వైమానిక దాడిలో అది బాగా దెబ్బతింది. దాని గుమ్మం రాళ్ళ మీద మీటరు పొడవున్న పాదముద్రలు చెక్కి ఉన్నాయి. ముందు రెండు పాదాలు జంటగా, తర్వాత ఒక్కొక్కటి. దేవుడో దేవతో నడిచి లోపలికి వెళ్ళినట్టు. చూసేవాడికి సందేహం ఉండదు, దేవత ఇంట్లోనే ఉంది.

యెరూషలేములో అలాంటి పాదం లేదు. లోపలి గది 20 మూరల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు. ఒలీవ కర్రతో చేసి బంగారం తొడిగిన రెండు కెరూబులు, ఒక్కొక్కటి పది మూరల ఎత్తు, రెక్కలు గోడ నుంచి గోడ దాకా చాచి నిలబడ్డాయి. రెక్కల కింద మందసం. మందసంలో మోషే పెట్టిన రెండు రాతిపలకలు తప్ప ఇంకేమీ లేదని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది. రాజుల సింహాసనాలకు రెక్కల జంతువులు కాపలా ఉండే ఆ లోకంలో, సింహాసనం చేసి దాని మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు. పొరుగువాళ్ళ నుంచి నేర్చుకున్న నమూనాలో ఇశ్రాయేలీయులు చేసిన మార్పు ఇదే. ఆ ఖాళీ నుంచే తర్వాతి కథంతా వచ్చింది.

ప్రతిష్ఠ రోజున సొలొమోను చేసిన ప్రార్థనను మన దగ్గర కూడా కొత్త మందిరాల ప్రతిష్ఠలో చదువుతుంటారు. ఆ ప్రార్థనలో ఆయన ఆకాశాలే నిన్ను పట్టలేవు, నేను కట్టిన ఈ ఇల్లు ఏపాటిది అన్న మాట దేవునితోనే అంటాడు. దూరదేశం నుంచి వచ్చే పరదేశి ఇక్కడ ప్రార్థిస్తే వినమంటాడు. చెరపట్టబడి పరాయి దేశంలో ఉన్నవాళ్ళు ఈ వైపు తిరిగి వేడుకుంటే వినమంటాడు. ఆలయం చాలదన్న మాట ఆలయ ప్రతిష్ఠ రోజునే ప్రార్థనలోకి వచ్చేసింది.

దేవుని ఇల్లు ఒక్కటే ఉండాలన్న నియమం గట్టిపడటానికి మాత్రం చాలా కాలం పట్టింది. విడిపోయిన ఉత్తర రాజ్యంలో దాని రాజు యరొబాము బేతేలులో, దానులో దూడలను నిలబెట్టాడు. దక్షిణాన యూదా రాజ్యంలోనూ వేరే గుళ్ళు ఉన్నాయి. నెగెవు ఎడారి అంచున ఆరాదు కోటలో యోహానాను ఆహరోని 1960లలో తవ్వినప్పుడు చిన్న ఆలయం బయటపడింది. దాని గర్భగుడి మెట్టు దగ్గర రెండు ధూపవేదికలు పక్కకు ఒరగబెట్టి, మట్టితో కప్పేసి ఉన్నాయి. పగలగొట్టలేదు. ఎవరో జాగ్రత్తగా పడుకోబెట్టినట్టు ఉన్నాయి. పైన మిగిలిన నల్లటి మసిని ఇటీవల ప్రయోగశాలలో పరీక్షిస్తే పెద్ద వేదిక మీద సాంబ్రాణి, చిన్నదాని మీద గంజాయి కాల్చిన ఆనవాళ్ళు తేలాయి. 2020లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఉన్నత స్థలాలనే కొండ గుళ్ళను తీసేసిన యూదా రాజు హిజ్కియా సంస్కరణకూ దీనికీ ముడిపెట్టే పండితులు చాలామంది ఉన్నారు. క్రీ.పూ. 622లో యోషీయా రాజు కాలంలో దేవాలయం మరమ్మతుల్లో ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. దాన్ని చదివించుకుని విన్న రాజు బట్టలు చించుకున్నాడు. మిగిలిన గుళ్ళన్నీ మూయించాడు. దేవుడు ఒక్కడే, ఇల్లూ ఒక్కటే అయింది.

అప్పటి నుంచి జనానికి ఆ ఇల్లే ధైర్యం. ఆ ధైర్యాన్ని యిర్మీయా ప్రవక్త దేవాలయ ద్వారంలో నిలబడి విరగ్గొట్టాడు. పరదేశిని, తండ్రిలేనివాళ్ళను, విధవరాళ్ళను బాధపెడుతూ, దొంగతనం, హత్య చేస్తూ ఇక్కడికొచ్చి క్షేమంగా ఉన్నామనుకుంటే కుదరదన్నాడు. షిలోహుకు వెళ్ళి చూసి రండి, అక్కడేం మిగిలిందో అన్నాడు. ఆయనను చంపాలన్నంత పని చేశారు. క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం దేవాలయాన్ని తగలబెట్టింది. యాకీను, బోయజులను ముక్కలు చేసి ఆ ఇత్తడిని బబులోనుకు మోసుకెళ్ళారు. ఆ తర్వాత మందసం ఏమైందో తెలియదు.

ఆ కాలానిదే ఒక వస్తువు 1979లో దొరికింది. యెరూషలేము పాత నగరానికి నైరుతిగా కేతెఫ్ హిన్నోము అనే చోట, కొండ తొలిచి చేసిన సమాధిలో గాబ్రియేలు బర్కాయ్ బృందం రెండు వెండి చుట్టలను కనుగొంది. మెడలో వేసుకునే తాయెత్తుల్లాంటివి. విప్పడానికే మూడేళ్ళు పట్టింది. పెద్దది విప్పితే పది సెంటీమీటర్లలోపే. దాని మీద గీసిన అక్షరాలు యాజకులు జనాన్ని దీవించే మాటలు. సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలో ఉన్న దీవెనే. మన సంఘాల్లోనూ ఆరాధన ముగింపులో ఆ దీవెన వినిపిస్తుంది. మొదటి దేవాలయం నిలబడి ఉన్న చివరి రోజుల్లో ఎవరో దాన్ని మెడలో కట్టుకుని తిరిగారు. ఆలయం కాలిపోయింది. ఆ వెండి రేకు మీది మాట మిగిలింది.

బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదా ప్రజలకు ఎదురైన ప్రశ్న మామూలుది కాదు. దేవుని ఇల్లు కాలిపోతే దేవుడు ఓడిపోయినట్టే అని ఆ కాలపు లెక్క. బబులోనులో కెబారు నది ఒడ్డున ఉన్న యెహెజ్కేలు, యాజక కుటుంబంలో పుట్టినవాడు, ఆ లెక్కను తిరగేశాడు. ఆయన దర్శనంలో దేవుని మహిమ శత్రువు రాకముందే దేవాలయాన్ని వదిలి లేచింది. గుమ్మం దగ్గర ఆగింది, తూర్పు ద్వారం దగ్గర ఆగింది, చివరికి పట్టణానికి తూర్పున ఉన్న కొండ మీద నిలిచింది. ఆ దర్శనంలో మహిమను మోసిన సింహాసనానికి చక్రాలున్నాయి. మందసం మోతకర్రలు ఊడదీయొద్దన్న పాత నియమం ఇక్కడ చక్రాలై తిరిగొచ్చిందని నాకనిపిస్తుంది. చెదిరిపోయినవాళ్ళకు ఆ పరాయి దేశాల్లో తానే కొంతకాలం పరిశుద్ధాలయంగా ఉంటానని దేవుడు చెప్పినట్టు యెహెజ్కేలు రాశాడు. ఇల్లు లేకుండా దేవునితో ఉండవచ్చునన్న ఆలోచనకు తొలి స్పష్టమైన రూపం అది.

క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును గెలిచాడు. చెరలో ఉన్నవాళ్ళను వెళ్ళి ఇల్లు కట్టుకోమన్నాడు. కొత్త పునాది వేసిన రోజున పాత దేవాలయం చూసిన ముసలివాళ్ళు గొల్లున ఏడ్చారు, కుర్రవాళ్ళు సంతోషంతో కేకలు వేశారు, ఏది ఏడుపో ఏది కేకో తెలియలేదని ఎజ్రా గ్రంథం. పని ఆగిపోయి, హగ్గయి, జెకర్యా ప్రవక్తలు పురికొల్పాక మళ్ళీ మొదలై క్రీ.పూ. 515లో పూర్తయింది. ఈసారి అతి పరిశుద్ధ స్థలమనే ఆ లోపలి గదిలో మందసం కూడా లేదు. ఏడాదికోసారి ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు ధూపంతో, రక్తంతో వెళ్ళింది ఆ ఖాళీ గదిలోకే. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే ఆ గది ముందున్న తెర దాటి లోపలికి దూరాడు. అక్కడ ఏ దేవుని రూపమూ లేదన్న సంగతిని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాసిపెట్టాడు.

దేవాలయం నిలబడి ఉండగానే జనం దాని పక్కన ఇంకో అలవాటు పెంచుకున్నారు. సమాజమందిరం. యెరూషలేములోనే 1913లో ఒక గ్రీకు శాసనం దొరికింది. థియొదొతు అనే యాజకుడు ధర్మశాస్త్రం చదవడానికి, ఆజ్ఞలు బోధించడానికి, దూరం నుంచి వచ్చేవాళ్ళు దిగడానికి మందిరం కట్టించాడని అందులో ఉంది. అక్కడ బలి లేదు, బలిపీఠం లేదు. గ్రంథం, ప్రార్థన, బస. తర్వాత జరగబోయేదానికి వాళ్ళు తెలియకుండానే సిద్ధపడ్డారు.

ఇక హేరోదు రాజు. క్రీ.పూ. 20 ప్రాంతంలో ఆయన దేవాలయాన్ని తిరగ్గట్టడం మొదలుపెట్టాడు. యాజకులు కానివాళ్ళు లోపల అడుగు పెట్టకూడదు కాబట్టి వెయ్యిమంది యాజకులకు తాపీపని, వడ్రంగం నేర్పించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ చెబుతాడు. లోపలి ఆలయం వాళ్ళే ఏడాదిన్నరలో ముగించారు. చుట్టూ ఉన్న ప్రాకారాలు, మంటపాలు మాత్రం ఎనభై ఏళ్ళకు పైగా సాగాయి. కొండను చదును చేసి వేసిన వేదిక దాదాపు 36 ఎకరాలు. పడమటి గోడ కింది వరసల్లో 13 మీటర్లకు పైగా పొడవున్న ఒకే రాయి ఇప్పటికీ ఉంది.

అంత విశాలమైన చోట మనుషులను విడదీసే గీతలు కూడా అన్నే ఉన్నాయి. అన్యజనుల ఆవరణ, దాని లోపల స్త్రీల ఆవరణ, తర్వాత ఇశ్రాయేలు పురుషులది, తర్వాత యాజకులది, చివర ఒక్క మనిషి, ఏడాదికి ఒక్కరోజు. అన్యజనుల ఆవరణకూ లోపలికీ మధ్య రాతి అడ్డుగోడ ఉండేది. దాని మీద బిగించిన హెచ్చరిక పలకను 1871లో ఫ్రెంచి పండితుడు క్లేర్మాన్ గన్నో కనుగొన్నాడు. సున్నపురాయి మీద ఏడు వరుసల గ్రీకు అక్షరాలు, పెద్దవిగా, లోతుగా, దారినపోయేవాడు నిలబడే చదువుకునేలా ఉన్నాయి. పరజాతివాడెవడూ ఈ గోడ దాటకూడదని, దొరికితే తన చావుకు తానే బాధ్యుడని దాని భావం. అది ఇప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. 1930లలో అలాంటిదే ఇంకో పలక ముక్క యెరూషలేములో దొరికింది.

యేసు ఎరిగిన దేవాలయం ఇది. ఆయనను పసిబిడ్డగా తెచ్చినప్పుడు తల్లిదండ్రులు అర్పించింది పేదలకు అనుమతించిన పక్షుల జతనే. పెద్దవాడయ్యాక అక్కడే బోధించాడు, అక్కడే రూకలు మార్చేవాళ్ళ బల్లలు పడదోశాడు. ఆయన దేవాలయాన్ని ద్వేషించాడని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. ద్వేషించేవాడు అది ప్రార్థన మందిరంగా ఉండాలని తపించడు. యిర్మీయా నిలబడ్డ చోటే ఆయనా నిలబడ్డాడు. రాయి మీద రాయి నిలవదన్నాడు. ఈ ఆలయాన్ని పడగొడితే మూడు రోజుల్లో లేపుతానన్న మాట తన శరీరం గురించి అన్నదని యోహాను సువార్త వివరిస్తుంది. ఆయన సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందికి చినిగిందని మార్కు రాశాడు. ఆ గదిలోకి ఇక ఎవరైనా రావచ్చునన్నది విశ్వాసులు అందులో చదువుకున్న అర్థం.

మనుషులే ఆలయమన్న మాట క్రైస్తవులు మాత్రమే కనిపెట్టింది కాదు. మృతసముద్రం ఒడ్డున కుమ్రానులో ఉన్న యూదుల సమాజం యెరూషలేము యాజకత్వంతో తెగతెంపులు చేసుకుని, తమ సంఘమే పరిశుద్ధ గృహమని, తమ నడతే అర్పణ అని రాసుకుంది. 1947లో మొదలై దొరికిన చుట్టల వల్ల మనకిది తెలిసింది. కానీ వాళ్ళు తలుపులు ఇంకా బిగించుకున్నారు. అవిటివాళ్ళను, గుడ్డివాళ్ళను తమ సభలోకి రానివ్వలేదు. యేసు అపొస్తలుడైన పౌలు వేరే పని చేశాడు.

క్రీ.శ. 54, 55 ప్రాంతంలో ఆయన ఎఫెసు నుంచి కొరింథు సంఘానికి ఉత్తరం రాస్తూ మీరు దేవుని ఆలయమై ఉన్నారన్నాడు. అప్పటికి యెరూషలేము దేవాలయం చెక్కుచెదరలేదు. పొద్దున, సాయంత్రం గొర్రెపిల్ల బలి నడుస్తోంది. కూలిపోయాక ఓదార్పుగా పుట్టిన మాట కాదిది. యెరూషలేములో చదువుకున్న పరిసయ్యుడు, ఆలయం నిండు వైభవంలో ఉండగా, ఓడరేవు పట్టణంలో పోగైన బానిసలనూ, చేతిపనివాళ్ళనూ, కొద్దిమంది ధనికులనూ కలిపి ఆ మాట అన్నాడు. వాళ్ళలో ఎక్కువమంది అన్యజనులు. ఆ రాతి అడ్డుగోడ దాటితే చావే రాసిపెట్టి ఉన్నవాళ్ళు.

కొన్నేళ్ళకు పౌలు యెరూషలేము వెళ్ళినప్పుడు ఎఫెసువాడైన త్రోఫిమును గోడ దాటించాడన్న పుకారు లేచింది. జనం ఆయనను కొట్టి ఈడ్చారు, రోమా సైనికులు వచ్చి కాపాడి బంధించారు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో క్రీస్తు మధ్యగోడను పడగొట్టాడన్న మాట వస్తుంది. ఇస్తాంబుల్‌లో ఉన్న ఆ పలకను తలుచుకుంటూ చదివితే అది ఉపమానంలా వినిపించదు.

హేరోదు మొదలుపెట్టిన పనులు పూర్తయ్యేసరికి 18,000 మంది పనివాళ్ళు ఖాళీ అయ్యారని జోసీఫస్ రాశాడు. ఆ తర్వాత పదేళ్ళు కూడా గడవకముందే, క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం ఆలయాన్ని తగలబెట్టింది. రోములోని తీతు కమాను మీద ఏడు కొమ్మల దీపస్తంభాన్ని మోసుకెళ్తున్న సైనికులు ఇప్పటికీ కనిపిస్తారు. యూదులు కూలిపోలేదు. రబ్బీ యోహానాను బెన్ జక్కాయ్ యవ్నెలో పండితులను కూడగట్టాడు. బలి బదులు ప్రార్థన, ధర్మశాస్త్ర అధ్యయనం, దయగల పనులు అన్నారు. ఆ దారిలో యూదు మతం ఈనాటికీ నడుస్తోంది. క్రైస్తవుల దారి ఇంకోవైపు వెళ్ళింది. హెబ్రీ పత్రిక యేసునే ప్రధాన యాజకునిగా, ఆయన ఒక్క మరణాన్నే చాలిన బలిగా చూసింది. ప్రకటన గ్రంథంలో దిగివచ్చే నూతన యెరూషలేములో దేవాలయం లేదు. కానీ ఆ పట్టణం కొలతలు చూడండి. పొడవు, వెడల్పు, ఎత్తు సమానం. సొలొమోను కట్టిన లోపలి గది కొలతా అదే. ఒక్క మనిషి, ఏడాదికొక్కసారి దూరిన గది పట్టణమంత అయింది, దాని గుమ్మాలు మూయరు.

తొలి రెండు మూడు శతాబ్దాలు క్రైస్తవులు ఇళ్ళలోనే కూడుకున్నారు. సిరియాలో దూరా యూరోపొస్‌లో క్రీ.శ. 3వ శతాబ్దపు ఇల్లొకటి తవ్వకాల్లో దొరికింది. రెండు గదుల మధ్య గోడ తీసేసి 70 మంది పట్టేంత చోటు చేసుకున్నారు, ఇంకో గదిని బాప్తిస్మానికి మార్చుకున్నారు. తర్వాత రోమా చక్రవర్తుల హింస ఆగి పెద్ద కట్టడాలు లేచాయి. 315 ప్రాంతంలో తూరులో పెద్ద చర్చి ప్రతిష్ఠ జరిగింది. సొలొమోనుకు మ్రానులు పంపిన తూరే అది. ప్రసంగించిన సంఘ చరిత్రకారుడు యూసేబియసు, కట్టించిన బిషప్పును గుడారం చేసిన బెసలేలుతో, సొలొమోనుతో, రెండో దేవాలయం కట్టిన జెరుబ్బాబెలుతో పోల్చాడు. అదే ప్రసంగంలో రాళ్ళ గుడి కంటే మనుషుల గుడి గొప్పదనీ అన్నాడు. రెండు మాటలూ అప్పటి నుంచి కలిసే నడుస్తున్నాయి. అందమైన మందిరం కట్టడం తప్పు కాదు, దావీదు కళ్ళం కొన్న మనసు మంచిదే. కాకపోతే పౌలు ఆలయమన్నది పోగైన మనుషులనని మరిచిపోయి, కులం పేరుతో సంఘాలూ సమాధి తోటలూ వేరు చేసుకున్న చోట్లు మన తెలుగు నేల మీదా ఉన్నాయి. అది పడగొట్టిన అడ్డుగోడను తిరిగి కట్టుకోవడమే.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మీరు దేవుని ఆలయమన్న మూడో అధ్యాయపు ఆ ఒక్క వాక్యాన్ని గోడల మీద రాసుకుంటాం. ఈసారి మొదటి అధ్యాయం నుంచి పదకొండో అధ్యాయం దాకా ఒక్క బిగిన చదవండి. ఆ సంఘంలో నాయకుల పేర్లతో వర్గాలు ఉన్నాయి, ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కారు, ప్రభువు బల్ల దగ్గర కలిగినవాళ్ళు ముందే తినేస్తే లేనివాళ్ళు ఆకలితో కూర్చున్నారు. పౌలు దేవుని ఆలయమని పిలిచింది వాళ్ళనే, దాన్ని పాడుచేయొద్దని హెచ్చరించిందీ వాళ్ళనే.